ఆలస్యంగా వచ్చినోళ్ళకూ ఒక ఆకు

మాది గుడియాత్తం. ముప్పై ఏళ్ళకు పైన మిల్లులో రింగు ఫ్రేముల కాడ నిలబడినోణ్ణి. చదివింది ఐదో తరగతి.

మాకు ఇంట్లో తెలుగు, గుడిలో అరవం. ప్రభు బల్లను అరవంలో 'తిరువిరుందు' అంటారు. విరుందు అంటే విందు. మన తెలుగులో ప్రభు రాత్రి భోజనం అంటాం. రెండిట్లోనూ ఉండేది తిండి మాటే. చిన్న రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం విందు ఎట్లా అవుతుందని చిన్నప్పుడు మా అమ్మను అడిగినాను. "పక్కనోడు తిన్నాడా అని చూసుకుంటే అవుతుందిరా" అనింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఒక ఈస్టరు నాడు అర్థమైంది. తెల్లవారుజామున ఆరాధన, తరువాత బల్ల, ఆ తరువాత ప్రేమ విందు. మేము ఐదుగురం నైట్ షిఫ్టు వదిలి, తలలో దూది దులుపుకోకుండానే సైకిళ్ళెక్కి వచ్చినాము. అన్నీ అయిపోయినాయి. గిన్నెలు కడుగుతా ఉన్నారు. ఎవరూ పొమ్మనలేదు, చూసి బాధపడినారు కూడా. అయినా మనసు చిన్నబోయింది. ఇంటికి పోయి గంజి తాగి పడుకున్నాను.

మరుసటి ఆదివారం సంఘపెద్ద ఒకాయన కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదకొండో అధ్యాయం తీసినాడు. ఆ కాలంలో బల్ల, కడుపు నిండే భోజనం కలిసే జరిగేవి. కొరింథులో కొందరు ముందుగానే తినేసేవాళ్ళు, లేనోళ్ళు ఆకలితో ఉండేవాళ్ళు. అట్లా తినేది ప్రభువు భోజనం కాదని పౌలు గట్టిగా మందలించినాడు. ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. వెనకబడినోళ్ళు పని వదిలి రాలేని బానిసలు, కూలోళ్ళు అయి ఉండొచ్చని చదువుకున్నోళ్ళు చెప్తారు. అంటే మన షిఫ్టోళ్ళే కదా!

బల్ల కాడ వేరు చేసే రోగం మన నేల మీద కూడా పాతదే. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ గుడిలో, బల్ల కాడ కులం చూడకూడదని ఉత్తరం రాస్తే, మద్రాసు వేపేరిలో, తంజావూరులో చాలామంది గుడి విడిచి పోయినారు. అదే మద్రాసులో 1947 సెప్టెంబరు 27న వేరువేరు మిషన్ల సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. అయినాయి. మా ఆర్కాటు మిషను గుళ్ళు కూడా అందులోకే వచ్చినాయి. కలిసి కూర్చోవడానికి అంత కాలం పట్టింది.

మా గుడిలో మాత్రం ఆ వారమే మాట తీసుకున్నారు. షిఫ్టు వదిలి వచ్చేవాళ్ళకు బల్ల మళ్ళీ ఇస్తారు. వాళ్ళు కూర్చున్నాకే వడ్డన. ఇంటింటా అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసిపెట్టేది ఆ విందుకే.

రెండేళ్ళ కింద నా భార్యను వేలూరు ఆసుపత్రిలో చేర్చినాము. ఐడా స్కడర్ అమ్మ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఆమె లేచి గుడికి రాలేదు కాబట్టి అయ్యగారు మంచం కాడికే రొట్టె తెచ్చినారు. ఆమె కళ్ళు తుడుచుకుని తీసుకునింది.

ఆ మధ్యాహ్నం నేను వరండాలో ఒక్కణ్ణే కూర్చున్నాను. చిత్తూరు పక్క నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకామె క్యారియరు విప్పింది. నొసట బొట్టు, మన గుడామె కాదు. మూతలో నిమ్మకాయ పులిహోర పెట్టి నా పక్కకు జరిపింది.

"అన్నా, నువ్వు తిన్నావా?" అనింది.

మా అమ్మ చెప్పింది అదే. పొద్దున బల్ల, మధ్యాహ్నం పులిహోర, రెండూ నాకు ఒక్క విందుగానే అనిపించినాయి.

మీ వీధిలో ఎవరు షిఫ్టు వదిలి ఆలస్యంగా వస్తారో మీకే తెలుసు. ఈసారి విందులో వాళ్ళకొక ఆకు తీసిపెట్టండి.