నాగోలు మడ్డి – విద్యుచ్ఛక్తి

మూసీనది నాగోలు చెంత చేరునప్పటికి భాగ్యనగరపు మురుగును మోయుచు వచ్చును. ఆ మురుగును శుద్ధిచేయుటకై అచట రోజునకు 172 మిలియను లీటర్లను గ్రహింపగల కర్మాగారము నిర్మింపబడినది. పిమ్మట 320 మిలియను లీటర్లకు చాలిన మఱియొకటి వెలసినది. నీరు శుద్ధియగుట యందఱకును సంతోషమే. కాని నీటినుండి విడిన మడ్డి యేమగునని యడుగువారు అరుదు. అసలు చిక్కు అచటనే యున్నదని మా యభిప్రాయము.

మడ్డిని యంత్రములతో నెంత పిండినను, మిగిలిన ముద్దలో సాధారణముగా నూటికి 75 మొదలు 80 పాళ్లు నీరే. లారీలకు కూలియిచ్చి మోయించునది యీ నీటినే! రేణువుల నడిమి సందులు మిక్కిలి సన్నములగుటయే దీనికి కారణము. సందు వెడల్పు సగమైనచో, అదే యొత్తిడికి నీటివేగము నాల్గవవంతునకు దిగును.

ఇచట విద్యుచ్ఛక్తి సాయపడగలదు. తడి బంకమట్టిలో విద్యుత్తును ప్రసరింపజేసినచో నీరు ఋణధ్రువమువైపు నడచునని మాస్కోలో ఆచార్యుడుగా నుండిన రాయిస్ పండితుడు 1809లో ప్రకటించెను. రేణువుల యుపరితలమున ఋణావేశమును, దానినంటిన నీటిపొరలో ధనావేశమును ఉండును. విద్యుత్క్షేత్రము ఆ పొరను లాగగా, అది తక్కిన నీటిని వెంటగొనిపోవును. సందు సన్నగిలినను ఈ వేగము దాదాపు తగ్గకుండుటయే విశేషము. 1930వ దశకమున జర్మనీలో లియో కాసగ్రాండె ఈ మార్గముననే బంకనేలలను గట్టిపఱచెను. మురుగుమడ్డికిని దీనిని విదేశములలో ప్రయోగించి చూచియున్నారు.

దోషములు లేకపోలేదు. ధనధ్రువమువద్ద మడ్డి ముందుగా నెండి విద్యుత్తు నడ్డగించును. అచటి లోహపు పలకలు క్షయించును. శక్తిలో కొంత వేడియై వ్యర్థమగును. కావున తొలుత యంత్రముతో పిండి, తుదినీటిని మాత్రమే విద్యుత్తుతో తీయుట వివేకము. నీరు పోయినంతమాత్రమున మడ్డిలోని లోహవిషములు పోవు. పొలమున ఎరువుగా వేయుటకు ముందు పరీక్ష తప్పదని రైతుసోదరులు గుర్తింపవలెను.

మూసీ నాగోలుతో ఆగిపోదు. నల్లగొండ సీమలోని పొలములను తడిపి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. కావున ఇది నగరవాసుల సమస్య మాత్రమే కాదు. మేము కోరునది స్వల్పము: నాగోలులో ఒక చిన్న ప్రయోగము జరిపి, టన్ను మడ్డికి విద్యుత్తు వ్యయమెంత, తగ్గిన రవాణా వ్యయమెంత యను లెక్కను ప్రజలకు ప్రకటింపవలెను. లెక్క కుదురనిచో విడువవచ్చును. చూడకయే విడుచుట మాత్రము తగదు.