పిల్లికి ఫౌంటెన్ పెట్టారా? ఈ సంగతులు తెలుసుకోండి

ఈ మధ్య ఒక గృహిణి ఫోన్ చేశారు. వాళ్లింట్లో నాలుగేళ్ల గండుపిల్లి ఉందట. అది నీళ్లు సరిగా తాగడం లేదని వాళ్లబ్బాయి ఒక ఫౌంటెన్ కొని తెచ్చాడట. “మొదట్లో బాగానే తాగిందండీ. ఇప్పుడు దాని దగ్గరికే పోవడం లేదు. మోటారు గుర్రుమంటోంది గాని నీళ్లు రావడం లేదు. దీన్ని బాగుచేసుకోవడం ఎలా?” అని అడిగారు. పంపు గురించీ ఫిల్టరు గురించీ చాలాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ మాటవరసకు అన్నట్టు, “నిన్నటి నుంచి మాటిమాటికీ ఇసుక తొట్టిలోకి వెళ్లి కూర్చుంటోంది. అరుస్తోంది. ఇసుక మాత్రం తడవడం లేదు. విరేచనం కావడం లేదేమో, కాస్త ఆముదం పట్టించమంటారా?” అన్నారు.

“అమ్మా, ఆముదం వద్దు. ఫౌంటెన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పిల్లిని బుట్టలో పెట్టుకుని ఇప్పుడే పశువైద్యుని దగ్గరికి వెళ్లండి” అని చెప్పాను.

అనుమానించినట్టే మూత్రనాళం మూసుకుపోయింది. వైద్యులు మత్తు ఇచ్చి, సన్నని గొట్టం వేసి మూత్రం తీశారు. పిల్లి బతికింది.

ఫౌంటెన్ పాడైతే మూత్రం బిగుసుకుపోతుందా అని మీరు అడగవచ్చు. అంత సూటి సంబంధం లేదు. ఈ జబ్బుకు కారణాలు అనేకం. మూత్రంలో స్ఫటికాలు ఏర్పడవచ్చు, రాళ్లు పడవచ్చు, బెదురు వల్ల మూత్రాశయం వాచవచ్చు. అయితే నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడిన పిల్లికి ఈ ముప్పు పెరుగుతుంది. ఫౌంటెన్ బొమ్మ కాదు, ఆరోగ్యానికి పెట్టుకున్న సాధనం. దాన్ని శ్రద్ధగా చూసుకోవాలి.

పిల్లికి దాహం తక్కువ

మన పెంపుడు పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా అడవిపిల్లులు. నీటి చుక్క దొరకని పొడి నేలల్లో తిరిగిన జాతి. ఎలుకలు, పిట్టలు వాటి ఆహారం. ఎలుక శరీరంలో 70 శాతం దాకా నీరే. కాబట్టి తిండిలోనే నీళ్లు దొరికేవి. ఆ అలవాటు ఇంట్లోకి వచ్చినా పోలేదు.

పిల్లికి రోజుకు కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే నాలుగు కిలోల పిల్లికి ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు. ఇది తిండిలో నీటిని కూడా కలుపుకున్న లెక్క. డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో 75 నుంచి 80 శాతం నీరు ఉంటుంది. ప్యాకెట్లలో వచ్చే ఎండు గుళికల్లో 10 శాతం మించదు. గుళికలు మాత్రమే తినే పిల్లి దాదాపు గ్లాసు నీళ్లూ తాగవలసిందే. చాలా పిల్లులు తాగవు.

“మేం పాలు పోస్తున్నాంగా!” అంటారు కొందరు. పెద్దయిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీరు కూడా పోతుంది. నీళ్లకు బదులు పాలు పనికిరావు.

ఫౌంటెన్ అందరికీ అవసరమా?

కదిలే నీళ్లంటే కొన్ని పిల్లులకు మహా ఇష్టం. కుళాయి విప్పగానే పరుగెత్తుకొచ్చే పిల్లి ఫౌంటెన్‌కు త్వరగా అలవాటు పడుతుంది. కొన్నింటికి గిన్నెలోని నిలకడ నీళ్లే ఇష్టం. పరిశోధనల్లో కూడా అన్ని పిల్లుల్లో ఒకే ఫలితం కనిపించలేదు. కనుక ఫౌంటెన్ కొన్న రోజే పాత గిన్నె తీసెయ్యకండి. రెండూ ఉంచండి. కరెంటు పోయి ఫౌంటెన్ ఆగినప్పుడు ఆ గిన్నే ఆదుకుంటుంది.

ప్లాస్టిక్ కంటె స్టీలుదో, పింగాణీదో మేలు. ప్లాస్టిక్ మీద పడిన గీతల్లో మురికి, క్రిములు దాక్కుంటాయి. దాన్ని ఇసుక తొట్టికి దూరంగా, తిండిగిన్నెకు కూడా కొంచెం ఎడంగా, జనం ఎక్కువగా తిరగని చోట పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు పంపు వేయకుండా నీళ్లు మాత్రం నింపి ఉంచండి. అలవాటయ్యాక సన్నని ధారతో మొదలుపెట్టండి. పిల్లిని పట్టుకొచ్చి మూతి ముంచకండి. బెదిరితే ఇక అటు చూడదు.

శుభ్రతే ప్రాణం

రోజూ నీళ్లు మార్చండి. వారానికొకసారి, ఎండాకాలంలో రెండుసార్లు, విడి భాగాలన్నీ ఊడదీసి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి బాగా తొలవండి. లోపల వేలితో తాకితే జారుడుగా ఉన్నదంటే క్రిములు పొర కట్టాయన్నమాట. ఆ వాసన మనకు తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది.

ఫినాయిల్, క్రిమిసంహారక మందులు వాడకండి. వాటిలోని కొన్ని రసాయనాలు పిల్లులకు విషం.

ఫిల్టరును కొత్తగా పెట్టేముందు నీళ్లలో నానబెట్టి, బొగ్గుపొడి పోయేదాకా కడగాలి. తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి. సాధారణంగా అది రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. గడువు దాటిన ఫిల్టరు మురికిని ఆపడం మాని తానే మురికికి నిలయమవుతుంది.

ఫౌంటెన్ మొరాయిస్తే

ఏ భాగం విప్పాలన్నా ముందు ప్లగ్గు తీసేయండి. ప్లగ్గు ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టకండి.

మోటారు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే: మొదట నీటి మట్టం చూడండి. పంపు పూర్తిగా మునిగి ఉండాలి. మునిగే ఉంటే లోపల గాలి చిక్కుకుని ఉండవచ్చు. పంపును నీళ్లలోనే అటూ ఇటూ వంచి బుడగలు పోయాక మళ్లీ వేసి చూడండి.

ధార సన్నబడితే: ఫిల్టరూ స్పాంజీ పూడుకుపోయి ఉంటాయి. అవి బాగుంటే పంపు మూత తీయండి. లోపల రెక్కలున్న చిన్న చక్రం ఉంటుంది. నెమ్మదిగా లాగితే ఊడి వస్తుంది. దానికి బొచ్చు చుట్టుకుని ఉండడం మామూలే. పాత టూత్‌బ్రష్‌తో చక్రాన్నీ, అది కూర్చునే గుంటనూ శుభ్రం చేయండి.

తెల్లటి గార పడితే: బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది తప్పదు. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి పంపు భాగాలను అరగంట నానబెట్టండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లయినా సరే. తర్వాత పులుపు వాసన పోయేదాకా కడగాలి. పులుపు వాసన వస్తే పిల్లి ముట్టదు.

చప్పుడు ఎక్కువైతే: నీళ్లు తగ్గాయని గాని, చక్రం సరిగా కూర్చోలేదని గాని అర్థం. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది.

అసలు తిరగకపోతే: వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. వైరును పిల్లి కొరికిందేమో చూడండి. కొరికిన వైరుకు టేపు చుట్టి సరిపెట్టుకోకండి, మార్చేయండి. వైరు వెంట నీళ్లు జారి ప్లగ్గులోకి పోకుండా, ప్లగ్గు కంటె కిందికి వేలాడేలా వైరు వదలండి.

ఎంత తాగుతోందో తెలుసుకోవడం

ఉదయం కొలిచి పోయండి. మర్నాడు ఉదయం మిగిలింది కొలవండి. కొంత ఆవిరైపోతుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. ఐదారు రోజులు రాసుకుంటే మీ పిల్లి తీరు తెలుస్తుంది. ఇసుక తొట్టి ఇంకా నిజం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి సాధారణంగా రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది.

తాగడం తక్కువైతే గుళికల మీద రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా కోడిమాంసం ఉడికించిన నీళ్లయితే ఇష్టంగా తాగుతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం.

పెద్ద వయసు పిల్లి ఉన్నట్టుండి ఎక్కువగా తాగడం మొదలుపెడితే ఫౌంటెన్ మహిమ అని మురిసిపోకండి. మూత్రపిండాల జబ్బు, చక్కెర వ్యాధి, థైరాయిడ్ ఎక్కువ కావడం అలాగే బయటపడతాయి. పరీక్ష చేయించండి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగవద్దు

మాటిమాటికీ ఇసుకలో కూర్చుని ముక్కడం, మూత్రం చుక్కలు చుక్కలుగా రావడం లేదా అసలు రాకపోవడం, రక్తం కనిపించడం, అరవడం, అదేపనిగా మూత్రద్వారం నాకుకోవడం, తిండి మానడం, వాంతులు. గండుపిల్లిలో మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ‘రేపు చూద్దాం’ అనుకోకండి. పొట్ట నొక్కి చూడకండి. నొప్పి తగ్గుతుందని మన మాత్రలు వేయకండి. జ్వరానికి మనం వాడే పారాసెటమాల్ ఒక్క మాత్రే పిల్లిని చంపగలదు.

ఆ గృహిణి వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. పిల్లి కులాసాగా ఉంది. ఫౌంటెన్ విప్పి చూస్తే చక్రానికి ఉండకట్టిన బొచ్చు, దాని మీద బోరు నీళ్ల గార కనిపించాయట. కడిగి బిగించారు. పక్కన స్టీలు గిన్నె కూడా పెట్టారు. “ఇప్పుడు పొద్దున్నే ఫౌంటెన్ కంటె ముందు ఇసుక తొట్టి చూస్తున్నానండీ” అన్నారు. పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ అలవాటు చేసుకోవాలి.