మీ అమ్మాయి ప్రాజెక్ట్ ఇంజనీరు కావాలంటే...

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెండు అవస్థలూ రోజూ పడే ఉద్యోగం ఒకటుందండీ. అదే ప్రాజెక్ట్ ఇంజనీరు. మా పెద్దమ్మాయి సివిల్ డిప్లొమా చేసి ఆ దారిలోనే ఉంది. "ఆడపిల్లని ఇసకా కంకరా మధ్యకి పంపిస్తావా?" అని మా తోటికోడలు మొదలుకొని పాలబ్బాయి దాకా అడగనివాళ్ళు లేరు. నిజం చెప్పొద్దూ, ఆ మాట అందరికంటే ముందు అన్నది నేనే.

ఇంతకీ ఏమిటీ ఉద్యోగం? మీ ఇంట్లో పెళ్ళి పనులు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వంటవాళ్ళు దిగేసరికి సరుకులు ఉండాలి. పందిరి లేవకుండా లైట్లవాడు వచ్చి లాభం లేదు. ముహూర్తం దాటకూడదు, చేతిలో డబ్బు మించకూడదు. సరిగ్గా ఇదే పని. డ్రాయింగు చూసి సిమెంటు, ఇనుము ఎంత కావాలో లెక్క కట్టాలి. ఏ పని తర్వాత ఏ పనో, ఏ రోజుకి ఎవరు రావాలో షెడ్యూలు వేసుకోవాలి. వచ్చిన సరుకు మంచిదో కాదో చూడాలి. అయిన పని కొలిచి బిల్లులు రాయాలి. సెంట్రింగువాళ్ళు రెండు రోజులు ఆలస్యం చేస్తే ఇనుము కట్టేవాళ్ళు ఖాళీగా కూర్చుంటారు, స్లాబు వెనక్కి పోతుంది, పైనుంచి ఫోన్లు మొదలవుతాయి.

స్లాబు రోజు సంగతి వినండి. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తే అది తేలిగ్గా జారుతుంది, పనివాళ్ళకి సుఖం. కానీ బలం తగ్గిపోతుంది. అందుకే ఆ కలిపిన దాంట్లోంచే కొంత తీసి పదిహేను సెంటీమీటర్ల దిమ్మలు పోసి, 7వ రోజున, 28వ రోజున మిషన్లో పెట్టి నొక్కి చూస్తారు. మా అమ్మాయి నీళ్ళు ఆపమంటే మేస్త్రి, "ముప్పై ఏళ్ళుగా ఇలాగే పోస్తున్నాం పాపా" అన్నాడట. "దిమ్మ ఫెయిలైతే స్లాబు పగలగొట్టాల్సింది కూడా మీరే బాబాయ్" అందిట ఇది. ఆనాటి నుంచి కొలిచే పోస్తున్నారట. ఇది అవతలికి వెళ్ళాక ఏం చేస్తారో మరి!

ఇక చదువు. పదో తరగతి అవగానే పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా. అది చేసినవాళ్ళు ఈసెట్ రాసి తిన్నగా బి.టెక్ రెండో ఏడులో చేరవచ్చు. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్ళకి ఈఏపీసెట్, అంటే మనం ఎంసెట్ అనేవాళ్ళమే, అది ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్‌కి పెట్టుకోవచ్చు, ఎంపికైతే ఏటా 50,000 రూపాయలు. ఇది డిప్లొమా పిల్లలకీ ఉంది. చాలామంది తల్లులకి తెలియదు.

చేరగానే ప్రాజెక్ట్ ఇంజనీరు అనరు లెండి. ముందు ట్రైనీ, లేదా సైట్ ఇంజనీరు. కొన్నేళ్ళు ఎండలో నిలబడ్డాకే ఆ పేరు. ఈలోగా ఆటోకాడ్, ఎక్సెల్, షెడ్యూళ్ళు వేసే ప్రైమవేరా నేర్చుకోవాలి. హిందీ కూడా. పనివాళ్ళలో బీహారు, ఒరిస్సావాళ్ళు ఎక్కువ. సర్కారు కొలువే కావాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వేసే అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులు చూస్తుండండి.

కష్టం దాచను. మొదటి సైటులో ఆడవాళ్ళకి బాత్‌రూము లేదు. అది పొద్దుటి నుంచీ మంచినీళ్ళు మానేసి, జ్వరంతో, మూత్రంలో మంటతో ఇంటికొచ్చింది. నేను ఉద్యోగం మానెయ్యమని ఏడ్చాను. అది ఏడవలేదు, పై ఆఫీసరుకి కాగితం రాసింది. నెల పట్టింది గానీ, కట్టించారు. ఆ బాత్‌రూము ఇప్పుడు ఇటుకలు మోసే ఆడకూలీలు కూడా వాడుకుంటున్నారు. అన్నేళ్ళుగా వాళ్ళెక్కడికి వెళ్ళేవారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

కాబట్టి చేరే ముందే అడిగించండి. బాత్‌రూముందా? రాత్రి స్లాబయితే ఇంటికెవరు దింపుతారు? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఆడవాళ్ళ ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం. ఉందా? పెళ్ళయి కడుపు పండితే 26 వారాల జీతం సెలవు 2017 నుంచి ఉంది, ఇస్తారా? అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయపడకండి.

మద్రాసులో తెలుగువారింట 1919లో పుట్టిన ఎ. లలితగారు పద్ధెనిమిదేళ్ళకే చంటిబిడ్డతో భర్తను పోగొట్టుకున్నారు. ఆ తర్వాత గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్తు పనుల్లో పాలుపంచుకున్నారు. ఆ రోజుల్లో ఆవిడ అలా వెళ్ళారు. నేనేమో ఎండకి పిల్ల రంగు తగ్గుతుందని దిగులుపడ్డాను.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా మేడ పిట్టగోడ మీద బీటలు చూసి, "నాన్నా, దీనికి ఎన్ని రోజులు నీళ్ళు కొట్టారు?" అని నిలదీసింది. స్లాబుకి బిందెలతో మోసి నీళ్ళు పట్టింది నేను. పిట్టగోడ కట్టిన వారం మాత్రం పుట్టింట్లో ఉన్నాను. ఆయన పేపరు చాటుకి వెళ్ళిపోయారు.