పండుగ వేళ దయ్యముల కథలు

ధనుర్మాసము వచ్చినదనగానే పాతబస్తీకి చలి ముందుగా తెలియును. లాల్ దర్వాజా గల్లీలలో దీపాలు పెట్టు వేళకే చాయ్ హోటళ్ళ ముందు జనము మూగుదురు. సందు మొగలో నలుగురు కుఱ్ఱవాళ్ళు అట్టపెట్టెల ముక్కలతో చలిమంట వేసికొని కూర్చుందురు. ఆ దారిన పోవుచు కొంచెము చెవియొగ్గినచో వినవచ్చునది క్రికెట్టు ముచ్చటో, జిన్నుల ముచ్చటో అయియుండును. నయాపూల్ మీదుగా మూసీ దాటి అబిడ్స్ చేరినచో అక్కడి దృశ్యము వేఱు. సెయింట్ జార్జి చర్చి పరిసరములలో కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. ఇచ్చట దయ్యముల కథలు, అచ్చట దేవుని పుట్టినరోజు! ఈ రెండింటికి పొత్తు కుదురునని నేనెన్నడును అనుకొనలేదు.

ఒక డిసెంబరులో, ఆంగ్లోపన్యాసకులు సెలవుపెట్టిన దినమున, వారి తరగతికి నన్ను పంపిరి. విద్యార్థుల చేతులలో చార్లెస్ డికెన్సు వ్రాసిన క్రిస్మస్ కథ ఉన్నది. వెనుక బల్లమీది క్రైస్తవ విద్యార్థి యొకడు లేచి, "సార్, యేసు పుట్టిన పండుగకు దయ్యం ఎందుకొచ్చింది సార్? మా చర్చిలయితే ఎవ్వరూ దయ్యాల ముచ్చట చెప్పరు" అని అడిగెను. తరగతి నవ్వినది. నేనును నవ్వి తప్పించుకొంటిని. కాని ఆ ప్రశ్న నన్ను తప్పించుకొననీయలేదు. నాకు తోచిన సమాధానమును తోటి ఉపాధ్యాయుల ముందు, విద్యార్థుల ముందు ఉంచుచున్నాను.

ఆ విద్యార్థి చెప్పినది నిజమే. దయ్యముల కథలు చర్చి నేర్పినవి కావు, చలి నేర్పినవి. డిసెంబరు చివర లండనులో పగలు దాదాపు 8 గంటలే. తక్కినదంతయు చీకటి. సేద్యపు పని సన్నగిల్లును. పొయ్యి చుట్టు చేరిన కుటుంబమునకు కాలక్షేపము కథ ఒక్కటే. షేక్స్పియరు వ్రాసిన "వింటర్స్ టేల్" నాటకములో బాలరాజకుమారుడు తల్లికి కథ చెప్పబోవుచు, శీతకాలమునకు దుఃఖపు కథయే తగునని భూతముల కథ ఎత్తుకొనును. అదే కవి "హామ్లెట్" నాటకములో ఒక కావలి భటుని నోట దీనికి విరుద్ధమైన నమ్మకమును పలికించెను: క్రీస్తు జన్మదినము సమీపించు రాత్రులలో కోడి తెల్లవార్లు కూయునట, ప్రేతములు కదలనేరవట. దయ్యములు తిరుగునని కొందఱు, తిరుగవని కొందఱు. ఏది ఏమైనను ఆ రాత్రులలో అందఱి తలపును వాని మీదనే యున్నదన్నమాట.

ఈ పాత వాడుకకు సాహిత్యములో స్థిరమైన చోటు కల్పించినవాడు డికెన్సు. ఆయన "క్రిస్మస్ కేరల్" 1843 డిసెంబరు 19న వెలువడినది. మొదట అచ్చువేసిన 6,000 ప్రతులు పండుగనాటికే చెల్లిపోయినవి. అందులోని ప్రేతమును గమనింపుడు. పిసినారి స్క్రూజి యెదుటికి వచ్చినది చనిపోయిన అతని వ్యాపార భాగస్వామి మార్లే. అతని నడుమునకు చుట్టుకొన్న గొలుసునకు డబ్బుపెట్టెలు, తాళములు, జమాఖర్చు పుస్తకములు వ్రేలాడుచుండును. అతడు రక్తము త్రాగుటకు రాలేదు. లెక్క అడుగుటకు వచ్చెను. "నీ తోటివానికి నీవేమి చేసితివి?" అనునదే ఆ కథయంతటికిని మూలప్రశ్న. తరువాతి కాలమున కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల పండితుడు ఎం. ఆర్. జేమ్సు ఏటేట క్రిస్మస్ వేళ మిత్రులను తన గదిలో చేర్చి, తాను వ్రాసిన దయ్యపు కథలు చదివి వినిపించెడివాడు. అతని మొదటి కథాసంపుటి 1904లో వచ్చినది. అధ్యాపకులు కథ చెప్పుటను చిన్నతనముగా భావించరాదనుటకు ఇదియొక నిదర్శనము.

ఇక మన యింటికి వత్తము. ధనుర్మాసము డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతితో ముగియును. క్రిస్మస్ సరిగా దాని నడుమ వచ్చును. ఆ నెలలో మనము పెండ్లిండ్లు చేయము. వేకువజామున ముంగిట ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు కీర్తనలు ఒకవైపు. అంతకు ముందే, ఇంకను చీకటి విడకమునుపే, వీధిలో బుడబుడమని చప్పుడు. అతడు బుడబుక్కలవాడు. రాత్రి శ్మశానమున తిరిగి, పక్షుల పలుకులు విని వచ్చి జోస్యము చెప్పునని ప్రతీతి. దుప్పటి ముసుగులోనుండి ఆ చప్పుడు వినుచు ఊపిరి బిగబట్టని పల్లెబిడ్డ ఉండడు. శంఖమూది, గంట మ్రోగించుచు వచ్చు కాటిపాపలవారును ఇట్టివారే. శ్మశానము తానే నడచి మన గుమ్మములోనికి వచ్చి గుప్పెడు బియ్యము అడుగుట వంటిది ఇది. మనము తలుపు మూయము. చేటతో బియ్యము తెచ్చి పోయుదుము.

మకర సంక్రమణమునాడు పితృదేవతలకు తర్పణములు విడుచుట ఆచారము. ఉత్తరాంధ్రమున సంక్రాంతికి పెద్దల పండుగ అనియే పేరు. గతించిన పెద్దలకు క్రొత్తబట్టలు చూపి, పిదప ఇంటివారు కట్టుకొందురు. తెలంగాణమున పెద్దలకు బియ్యమిచ్చు దినము భాద్రపద మాసములోని పెత్రమాస. తిథులు వేఱైనను భావమొక్కటే: పండుగ పంక్తిలో పోయినవారికిని ఒక విస్తరి ఉండవలెను. పడమటి దేశమున చలిరాత్రి కథలోనికి వచ్చు ప్రేతమును, మన ఇంట తర్పణమునకు వచ్చు పితరుడును దూరపు చుట్టములని నా కనిపించును.

మన కథల పుట్టుకయే దయ్యముల భాషలో జరిగినదని పెద్దలు చెప్పుదురు. సాతవాహనుని మంత్రియైన గుణాఢ్యుడు పందెమున ఓడి సంస్కృత, ప్రాకృత, దేశభాషలను విడిచిపెట్టెను. వింధ్యాటవిలో పిశాచములతో నుండి వాని భాష నేర్చి బృహత్కథను తన రక్తముతో వ్రాసెనట. రాజు తిరస్కరించగా, ఒక్కొక్క పత్రమును చదివి అగ్నిలో వేయుచుండ, అడవి మృగములు మేత మఱచి కన్నీరు కార్చినవట. ఆ కథాప్రవాహముననే భేతాళుడు మనకు దక్కెను. 1947 జూలైలో పుట్టిన "చందమామ" ఆతనిని తెలుగు బిడ్డల కందఱికిని పరిచయము చేసెను. శవమును భుజమున వేసికొని నడచు విక్రమార్కుని బొమ్మ చూచి మనము భయపడితిమా? లేదు. భేతాళుడు వేయు ప్రశ్నకు సమాధానమేమై యుండునా అని ఆలోచించితిమి. భేతాళుడును మార్లేవలె ప్రశ్నించు ప్రేతమే!

ఈ రెండు త్రోవలును కలిసిన కవి యొకడు మనకు గలడు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ "క్రీస్తు చరిత్ర" వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ చేయియే శ్మశానవాటికపై పద్యములు వ్రాసినది. వానిని హరిశ్చంద్ర నాటకపు కాటి సీనులో నటులు రాగము తీసి పాడగా, నడిరాత్రి చలిలో వేలాది జనులు గొంగళ్ళు కప్పుకొని వినిరి. ఊరిలో లేని సమానత్వము కాటిలో నున్నదని ఆ కవి చూపెను. అంటరానివాడని ఊరు దూరము పెట్టినవానికి శ్మశానమే సమధర్మము పాటించు చోటైనది. క్రీస్తు పుట్టిన పశువుల పాకయు, ఈ కాటినేలయు ఒక్క కవి గుండెలో ఇమిడినవి.

పాతబస్తీకి దాని కథలు దానికున్నవి. పాడుపడిన దేవిడీలలో జిన్నులున్నవని, అర్ధరాత్రి దాటిన పిదప తెల్లని బట్టలతో మిఠాయి దుకాణమునకు వచ్చి మాటాడక డబ్బిచ్చి పోవునని మా గల్లీలో చెప్పుకొందురు. హిందువుల పిల్లలకు చింతచెట్టు దయ్యమున్నట్లే ముసల్మానుల పిల్లలకు మిఠాయి జిన్ను. కథ వినునపుడు రెండిండ్ల పిల్లలును ఒకే మంట చుట్టు కూర్చుందురు.

చింతచెట్టు పేరెత్తితిని గనుక ఒక చెట్టును చూపవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, అఫ్జల్‌గంజ్ వద్ద నున్న చింతచెట్టు మీదికి ప్రాకి ఆనాడు దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. దయ్యములకు ఉనికిపట్టని మనము పిల్లలను బెదిరించు చెట్టే గదా చింత! మన భయములను చెట్టుపై వ్రేలాడగట్టితిమి. ఆ చెట్టు మనుష్యులను మోసినది.

నగరమునకు తూర్పున అస్మాన్‌గఢ్ మిట్టమీద మఱియొక సాక్షి. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండు 1798 మార్చి 25న మరణించెను. హిందువు లాతనిని మూసారాం అనిరి, ముసల్మానులు మూసారహీం అనిరి. వర్ధంతినాడు ఆ సమాధి వద్ద ఉర్సు జరిపెడివారు. మూసారాంబాగు అను పేరు నేటికిని నిలిచియున్నది. సముద్రముల కావలనుండి వచ్చిన క్రైస్తవుని సమాధిని చూచి జనులు దయ్యమని దడియలేదు, దీపము పెట్టిరి.

ఇంతవఱకు చెప్పినది కథల సంగతి. ఇక చెప్పవలసినది నా సంగతి. నా బాల్యము మెదకు సీమలో ఒక పల్లెలో గడచినది. పొరుగింటి అవ్వ యొకతె చలిమంట ముందు మాకు దయ్యముల కథలు చెప్పెడిది. ఆమె కథలలోని దయ్యములు ఆకలికి గటక అడుగును, అన్యాయము చేసిన దొరను నిద్రపోనీయవు, అనాథ పిల్లకు కాపలా కాయును. వినివిని ధైర్యము తెచ్చుకొని చీకటిలో ఇంటికి పరుగెత్తెడివారము. ఒక ఏడు చలికాలమున ఊరిలో ఒక పసివాడు జ్వరముతో చనిపోయెను. ఎవరు మొదలిడిరో తెలియదు, అవ్వ బాణామతి చేసినదని పుకారు పుట్టినది. రాత్రులు ఆమె తలుపుపై రాళ్ళు పడినవి. ఒకనాడు బడికి పోవుచుండగా ఆమె, "బిడ్డా, ఇటు రా" అని నన్ను పిలిచెను. నేను పలుకక బాటకు ఆవలి ప్రక్కకు జరిగి పోతిని. సంక్రాంతికి ముందే ఆమె మూట కట్టుకొని కూతురి ఊరికి వెడలిపోయినది. తిరిగి రాలేదు.

అవ్వ బ్రతికి బయటపడినది. బాణామతి, చేతబడి నెపమున పండ్లు ఊడబెరుకబడినవారును, చంపబడినవారును తెలంగాణమున ఎందఱో కలరు. కావున దయ్యముల కథలను బడినుండి వెళ్ళగొట్టవలెనని కొందఱు మిత్రులందురు. వారి ఆవేదన నాకు తెలియును; వారి తీర్పుతో ఏకీభవింపను. కథకును మూఢనమ్మకమునకును నడుమ ఒక గీత కలదు. కథలో ప్రేతము మనలను ప్రశ్నించును. నీవేమి చేసితివని వ్రేలు మనవైపు చూపును. మూఢనమ్మకములో మన వ్రేలు పొరుగువారివైపు తిరుగును. స్క్రూజి ఆ ప్రశ్న విని మనిషియైనాడు. మా ఊరు ప్రశ్న వేసికొనకుండ ఒక ముసలిదానిని దయ్యమును చేసినది. ఉపాధ్యాయుడు పిల్లలకు చూపవలసినది ఆ గీతను. పసివాని జ్వరమునకు వైద్యుడున్నాడని చెప్పవలెను. ఆ పిదప చలిమంట ముందు కథయు చెప్పవలెను. కథ లేని పిల్లవానికి భయము పోదు. దానిని ఆరవేసికొనుటకు చోటు మాత్రము పోవును.

ఆ వెనుక బల్ల విద్యార్థికి నేను బాకీపడితిని. క్రిస్మస్ సెలవులకు ముందు మరల ఒక తరగతి దొరకినచో, డికెన్సు పుస్తకమును మూసి, మా అవ్వ చెప్పిన గటక దయ్యము కథ చెప్పుదును; అటుపిమ్మట అవ్వ కథయు చెప్పుదును. "బిడ్డా, ఇటు రా" అను పిలుపునకు నలుబది ఏండ్లు దాటిన పిదప నేనీయగల బదులు అంతకన్న మఱేమున్నది?