జాలి కాదు, కూలి గావాలె

మా ఊరి చౌరస్తల ఒక టిఫిన్ హోటల్ ఉంది. పొద్దుగాల ఆరింటికే అక్కడ ఒక తమ్ముడు ప్లేట్లు కడుగుతుంటడు. ఇరవై నాలుగేండ్లుంటయి. సదరం సర్టిఫికెట్ల బుద్ధిమాంద్యం అని రాసిన్రు. మాట నిదానం గానీ చెయ్యి నిదానం గాదు. ఆయన కడిగిన ప్లేటు మీద ఇంత జిడ్డు కనవడదు. పగటి ఒంటి గంట దాక చేస్తే ముట్టేది నాలుగు ఇడ్లీలు, యాభై రూపాలు. ఆయన రాని రోజు అదే పనికి వచ్చే ఇంకో మనిషికి మూడు వందల యాభై. ఎందుకిట్ల అని అడిగితే సేటు చెప్పే మాట ఒక్కటే: "పాపం అని పెట్టుకున్ననే అన్నా. నేను గాకపోతే ఇంకెవడు పెట్టుకుంటడు?"

ఆ మాటకు ఎదురు చెప్పనీకి నాకు శాన రోజులు పట్టింది. అమెరికాల కుక్క బిస్కెట్లు చేసే ఒక చిన్న బేకరీ సంగతి తెలుసుకున్నంకనే, ఈ లెక్క ఎక్కడ తప్పుతున్నదో నాకు సమజైంది. అది మీకు చెప్దామని ఇది రాస్తున్న.

కుక్కలకు బేకరీయా అని నవ్వకుండ్రి

మన ఊర్ల కుక్కకు మిగిలిన బువ్వ ఏస్తం. చాయ్ హోటల్ కాడ ఎవరన్న మనసున్నోళ్లు పార్లే-జీ బిస్కెట్ ఇసిరేస్తరు. అమెరికాల అట్ల గాదు. అక్కడ కుక్క ఇంట్ల మనిషి లెక్క. దాని తిండి, దాని దవాఖాన, దాని బిస్కెట్లు అన్నీ పెద్ద యాపారం. ఆ యాపారంల పెద్ద కంపెనీలే గాదు, చిన్న చిన్న వంటిండ్లు గూడ బతుకుతున్నయి.

ఒహాయో రాష్ట్రంల సిన్సినాటి అనే పట్నం ఉంది. ఆడ 'బ్రూహౌస్ డాగ్ బోన్స్' అనే సంస్థ ఉంది. లాభం కోసం నడిచేది గాదు. వికలాంగురాలైన బిడ్డ ఉన్న ఒక తల్లి దాన్ని మొదలువెట్టింది. వికలాంగులైన యువతీ యువకులతోని కుక్క బిస్కెట్లు చేయిస్తరు.

ఆ తల్లికి ఈ ఆలోచన ఎందుకు రావాలె? అమెరికాల వికలాంగ పిల్లలకు ప్రత్యేక చదువు చట్టం ప్రకారం హక్కు. బడికి తోలుకపోయే బస్సు, నేర్పే టీచరు, మాట నేర్పేటోళ్లు అన్నీ సర్కారే చూసుకుంటది. కానీ అదంత మామూలుగ 21, 22 ఏండ్ల దాకనే. ఆ వయసు దాటిన తెల్లారి నుంచి బడి బస్సు ఇంటి ముందుకు రాదు. ఆ పిల్లలకు అప్పుడు మిగిలేది ఇల్లు, టీవీ. ఇరవై ఏండ్లు నేర్చుకున్నది ఆడనే ఆగిపోతది. ఇక్కడ మన తల్లులు పడే గోసనే అక్కడి తల్లులూ పడుతున్నరన్నట్టు. కాకపోతే వాళ్లకు పదేండ్లు ఆలస్యంగ మొదలైతది.

బీరు పిప్పి నుంచి బిస్కెట్ దాక

ఇగ ఆ బిస్కెట్ ఎట్ల తయారైతదో చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకు అందులనే ఉంది.

బీరు చేసేటోళ్లు మొలకెత్తించి ఎండవెట్టిన బార్లీని వేడి నీళ్లల్ల నానవెట్టి తీపి రసం తీస్తరు. రసం పోంగ పిప్పి మిగులుతది. మన దగ్గర గూడ బీరు ఫ్యాక్టరీల పిప్పి బర్రెల దాణాకు పోతది కదా, అదే. అందుల పీచు ఉంటది, మాంసకృత్తులుంటయి. పారేసే వస్తువు కాబట్టి శానమట్టుకు ఉత్తగనే దొరుకుతది. సిన్సినాటిల చిన్న చిన్న బీరు తయారీదార్లు శానమందే ఉన్నరు. బేకరీకి ముడి సరుకు అట్ల దొరికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బీరుకు చేదు రుచి ఇచ్చే హాప్స్ అనే పువ్వు కుక్కలకు విషం. ప్రాణం మీదికొస్తది. అయితే హాప్స్ కలిపేది రసం తీసినంక, దాన్ని మరగవెట్టేటప్పుడు. అందుకని అంతకు ముందే తీసిన పిప్పినే తీసుకోవాలె. తెచ్చిన పిప్పి తడిగ ఉంటది, ఒకటి రెండు రోజుల్ల పులిసిపోతది. కాబట్టి యెంటనే వాడాలె, లేకుంటే ఫ్రిజ్జుల పెట్టాలె.

ఇసొంటి బిస్కెట్లల్ల పిప్పికి తోడు పిండి, కోడిగుడ్డు, పల్లీ ముద్ద కలుపుతరు. ఆ పల్లీ ముద్దల జైలిటాల్ అనే తీపి మందు ఉండొద్దు, అది గూడ కుక్కలకు విషమే. చాక్లెట్, కిస్‌మిస్, ఉల్లిగడ్డ దగ్గరికి గూడ రానియ్యొద్దు. కలిపిన ముద్దను ఒత్తి, అచ్చుతోని కోసి, పొయ్యిల కాల్చి, తర్వాత తక్కువ మంట మీద గంటల తరబడి ఆరవెడతరు. తేమ మిగిలితే బూజు పడతది. బాగ ఆరితే నెలల తరబడి నిల్వ ఉంటది.

ఈ పనిని ఇప్పుడు ముక్కలు చేసి చూడుండ్రి. తూకం వేసుడు, కలుపుడు, ఒత్తుడు, అచ్చు కొట్టుడు, ట్రేల పేర్చుడు, ఆరినయి ఏరుడు, సంచిల నింపుడు, మూతి అతికిచ్చుడు, స్టిక్కర్ అంటిచ్చుడు. తొమ్మిది పనులు. ఒక్కొక్కటి ఎప్పుడూ ఒకే తీరుగ ఉంటది. ఒకరికి చేతివేళ్లు పని చెయ్యకపోవచ్చు, చూపు బాగుంటది, ఏరే పని చేస్తరు. ఒకరికి లెక్క రాదు, చేతి బలం ఉంటది, ముద్ద ఒత్తుతరు. మొత్తం పని ఒక్కరే చెయ్యాల్నంటే ఇద్దరూ 'పనికిరానోళ్లు'. పనిని ఇడగొడితే ఇద్దరూ పనిమంతులే.

లెక్క రానోళ్లతోని సంచికి పన్నెండు బిస్కెట్లు ఎట్ల నింపిస్తరు అని అడుగుతరేమో. ఒక చెక్క పలకకు పన్నెండు గుంటలు చెక్కితే సరి. గుంటలన్నీ నిండితే సంచిల పోస్తరు. లెక్క పలకనే చూసుకుంటది. తూకం కాడ అంకెలు సదవరానోళ్లకు ముల్లు ఆగాల్సిన కాడ పచ్చ రంగు పట్టీ అతికిస్తరు. ఏ పని తర్వాత ఏ పనో గోడ మీద బొమ్మలతోని చూపిస్తరు. పక్కన ఒక మనిషి నిలవడి మొదట్ల నేర్పుతడు, మెల్లమెల్లగ పక్కకు జరుగుతడు. ఈ పద్ధతులకు పెద్ద ఖర్చేం గాదు. ఒక చెక్క పలక, ఒక రంగు పట్టీ, జర ఓపిక.

మన దేశంల 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం దీన్నే తగిన సర్దుబాటు అంటది. అది చెయ్యనంటే వివక్ష కిందికే వస్తదని ఆ చట్టంలనే రాసి ఉంది. మనిషిని పనికి తగ్గట్టు వంచుడు గాదు, పనిని మనిషికి తగ్గట్టు మలుసుడు.

కుక్కకు జాలి తెల్వదు

ఇట్ల చేసిన బిస్కెట్లను జనం మొదటిసారి కొనేది ఎందుకు? సంచి మీద రాసింది సదివి, "మంచి పని చేస్తున్నరు" అని. ఆ జాలి ఒక్కసారికే పని చేస్తది. ఇంటికి పోయినంక కుక్క వాసన చూసి మూతి తిప్పుకున్నదనుకో, రెండో సంచి కొనరు. చేసింది ఎవరన్నది కుక్కకు పట్టదు. అందుకే ఇసొంటి బేకరీ నడవాల్నంటే సరుకు బాగుండాలె. సరుకు బాగుండి, జనం మళ్ల మళ్ల కొంటున్నరంటే, అది చేసిన చెయ్యికి పూర్తి ధర ఉన్నట్టే గదా? ఉన్నప్పుడు కూలి ఎందుకు తక్కువియ్యాలె?

ఈ ప్రశ్న కాడనే అమెరికా గూడ తడబడ్డది. 1938ల వాళ్లు కనీస కూలి చట్టం తెచ్చిన్రు. అందులనే ఒక సందు పెట్టిన్రు. దాన్ని 14(సీ) సెక్షన్ అంటరు. సర్కారు నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చుకుంటే, వికలాంగులకు కనీస కూలి కంటే తక్కువ ఇయ్యొచ్చు. మామూలు మనిషి గంటకు వంద సంచులు నింపితే, నువ్వు యాభై నింపినవ్, నీకు సగం కూలే. గిదీ లెక్క. 2009 నుంచి అక్కడ దేశం మొత్తానికి కనీస కూలి గంటకు 7.25 డాలర్లు. ఈ సందుల నుంచి దాంట్ల సగం, అంతకన్న తక్కువ గూడ ఇచ్చుకుంట వచ్చిన్రు. న్యూ హాంప్‌షైర్, మేరీలాండ్, అలాస్కా లాంటి కొన్ని రాష్ట్రాలు వికలాంగులు కొట్లాడితే ఈ పద్ధతిని ఎత్తేసినయి.

ఇంకో ముడి గూడ ఉంది. అక్కడ పేద వికలాంగులకు ఎస్ఎస్ఐ అనే నెలవారీ సాయం వస్తది. అది తీసుకునే ఒంటరి మనిషి దగ్గర లెక్కల కొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటొద్దు. 1989 నుంచి ఆ అంకె మారలే. అంటే పని చేసి నాలుగు పైసలు కూడవెట్టుకుంటే సాయం పోతది. సాయం పోతదని పనికి పంపనీకి ఇంటోళ్లు భయపడతరు.

మనం వాళ్లను చూసి నవ్వేటట్టు లేదు

మన 1948 కనీస వేతనాల చట్టంల గూడ, 26వ సెక్షన్ల ఇదే తీరు సందు ఉండె. వికలాంగ కార్మికుల కూలికి ఈ చట్టం వర్తించదని సర్కారు ఆర్డర్ ఇయ్యొచ్చని రాసిన్రు. దేశం వేరు, భాష వేరు, ఆలోచన ఒక్కటే: తక్కువ మనిషికి తక్కువ కూలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంల వికలాంగులు 2.68 కోట్లు. నూటికి 69 మంది పల్లెలల్లనే ఉన్నరు. అంటే మన మధ్యనే. మొత్తంల ఏదో ఒక పని చేస్తున్నది నూటికి 36 మందే. మిగిలినోళ్లల్ల పసిపిల్లలు, ముసలోళ్లు ఉంటరు, నిజమే. కానీ చెయ్యగలిగీ అరుగు మీద కూసున్నోళ్లు ఎంతమందో మీ ఊర్ల మీరే లెక్కవెట్టుండ్రి.

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకన్న ఎక్కువ వైకల్యం ఉన్నోళ్లకు సర్కారు కొలువులల్ల 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలకు మాత్రం బలవంతం లేదు. కనీసం 5 శాతం మందిని పెట్టుకునేటట్టు ప్రోత్సాహకాలు ఇయ్యాలని మాత్రమే ఉంది. ఉపాధి హామీ పనులల్ల వికలాంగులకు అలకటి పనులు చూపెట్టి అందరితో సమానంగ కూలి ఇయ్యాలని మార్గదర్శకాలు చెప్పినయి. మంచి మాటనే. కానీ మన దగ్గర అది నీళ్లు పోసే పని కాడనే ఆగిపోయింది. పనిని తొమ్మిది ముక్కలు చేసి, ఎవరికి ఏది సరిపోతదో చూద్దామని కూసున్నోళ్లు తక్కువ.

పింఛన్ సంగతికొస్తే, తెలంగాణల 2023ల 4,016 చేసిన్రు, ఆంధ్రల 2024ల 6,000 చేసిన్రు. కొట్లాడి తెచ్చుకున్నది, దాన్ని తక్కువ చెయ్యొద్దు. కానీ పింఛన్ ఒక మనిషిని బతికిస్తది, పదిమందిల నిలవెట్టదు. "పనికి పోతే పింఛన్ కట్ జేస్తరేమో" అని ఎంతమంది తల్లులు నాతోని అన్నరో లెక్క లేదు. ఎస్ఎస్ఐ భయం, ఈ భయం అక్కచెల్లెండ్లే.

మనోళ్లే చేసి చూపెట్టిన్రు

ఇదంత అమెరికాలనే అయితది అనుకోవద్దు. కృష్ణా జిల్లా మచిలీపట్నం దగ్గరి పల్లెటూర్ల, చూపు లేకుండ పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌ల సైన్స్ సదవనియ్యమంటే కోర్టుకు పోయి సీటు తెచ్చుకున్నడు. అమెరికాల ఎంఐటీల సదివి తిరిగొచ్చి, 2012ల హైదరాబాద్‌ల బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టిండు. పోకాకు ప్లేట్లు, కాగితం ప్యాకింగ్ సరుకులు చేసే ఆ కంపెనీ వికలాంగులకు పని ఇచ్చుడే ముఖ్యమనుకుని నడిచింది. 2024ల ఆయన మీద హిందీ సిన్మా వస్తే మనం చప్పట్లు కొట్టినం. సిన్మా చూసి కండ్లు తుడుసుకునుడు అలకనే. మన వాడకట్టుల ఉన్న తమ్ముడికి కూలి ఎంతిస్తున్నరో అడుగుడే కష్టం.

మనం చెయ్యగలిగింది

ఊర్ల కుక్క బిస్కెట్లు అమ్ముడుపోవు, నిజమే. కానీ కారంపొడి, పసుపు, సకినాలు, విస్తరాకులు, జొన్న రొట్టెలు ఉన్నయి. అన్నిట్లనూ తూకం, నింపుడు, అతికిచ్చుడు ఉంటయి. మహిళా సంఘం ఇసొంటి యూనిట్ పెడుతున్నదంటే పోయి ఒక్క మాట అడుగుండ్రి: ఇందుల మన ఊరి వికలాంగులు చేసే ముక్క ఏది? సొంతంగ పెట్టుకునేటోళ్లకు తక్కువ వడ్డీ అప్పులిచ్చే జాతీయ ఆర్థిక సంస్థ కేంద్రంల ఉంది. జిల్లా వికలాంగుల సంక్షేమ ఆఫీసుల అడగొచ్చు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు లేనోళ్లకు ఫోన్ ఉన్న మీరు దగ్గరుండి దరఖాస్తు పెట్టియ్యొచ్చు.

ఎవరన్న "మేం వికలాంగులకు పని ఇస్తున్నం" అని ఫొటో పెడితే లైక్ కొట్టే ముందు మూడు సంగతులు చూడుండ్రి. పక్కోనితో సమానంగ కూలి ఇస్తున్నరా? వాళ్ల కోసం పనిల ఏం మార్చిన్రు? ఇయ్యాల స్టిక్కర్ అంటిస్తున్న మనిషి, వచ్చే ఏడు ఇంకో పని నేర్చుకునే తొవ్వ ఉందా? ఈ మూడు లేకుంటే అది ఉపాధి గాదు, చవక కూలి.

ఇగ మా హోటల్ తమ్ముడి సంగతి. మొన్న సేటును గాదు, వాళ్ల అమ్మను గాదు, ఆయన్నే అడిగిన: "నీకెంత గావాలె తమ్మీ?" అని. ఇన్నేండ్లల్ల ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేరు. చేతిల ప్లేటు పట్టుకుని శానసేపు ఆలోచించిండు. "ఆయనకు ఎంతిస్తే అంత" అన్నడు, రోజుకూలికి వచ్చే మనిషిని చూపెట్టి.

నేనూ, ఇంకో ఇద్దరు దోస్తులూ సేటుతోని మాట్లాడినం. యాభై నూటయాభై అయింది. మూడు వందల యాభై ఇంక కాలే. మళ్ల పోతం. మీ ఊర్ల గూడ ఇసొంటి హోటల్ ఒకటి ఉండే ఉంటది. ఈసారి టిఫిన్ తిన్నంక చెయ్యి కడుక్కునేటప్పుడు జర అటు దిక్కు చూడుండ్రి, ఆ ప్రశ్న అడుగుండ్రి.