పందెం ముగిసిన గుర్రానికి మరో కొలువు

పందేల కోసమే పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రం 2 ఏళ్ళ వయసుకే మైదానంలో దిగుతుంది. గాయం తగలడం వల్లనో, వేగం సన్నగిల్లడం వల్లనో, అసలు మొదటినుంచీ యజమాని ఆశించినంత వేగం లేకపోవడం వల్లనో చాలావరకు 8 ఏళ్ళు నిండేలోపే అక్కడినుంచి తప్పుకుంటుంది. సరిగా చూసుకుంటే గుర్రం 25 నుంచి 30 ఏళ్ళ వరకు బతుకుతుంది గనుక, పందేలలో గడిచేది దాని జీవితంలో చిన్న భాగం మాత్రమే. గెలిచినవాటిలోనూ మేలైనవాటినే సంతానం కోసం ఉంచుకుంటారు. మగవాటిలో ఆ అవకాశం దక్కేవి మరీ తక్కువ, ఎందుకంటే పేరున్న ఒక్క పోతుగుర్రం ఒక ఋతువులో 100కు పైగా ఆడగుర్రాలతో జతకట్టగలదు, తక్కిన వాటిలో అనేకం అప్పటికే విత్తులు తీసినవి. మిగిలినవన్నీ ఎక్కడికి పోతాయన్న ప్రశ్నను పందేల పరిశ్రమ చాలాకాలం తనది కాదనుకుంది.

లెక్కలు రాయడం చేతకాక అలా అనుకుందని చెప్పలేం. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న ఈ జాతిలో నేడు బతికివున్న ప్రతి గుర్రం తండ్రుల వరుసా బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే 3 పోతుగుర్రాలలో ఒకదాని దగ్గర తేలుతుంది. 1791లో మొదలైన జనరల్ స్టడ్ బుక్ అనే వంశావళి గ్రంథం ఏ పిల్ల ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ సంవత్సరం పుట్టిందో తరాల తరబడి నమోదు చేస్తూ వచ్చింది. పుట్టుకను ఇంత నిక్కచ్చిగా రాసుకున్నవారు, మైదానం వదిలిన గుర్రం ఎవరి చేతికి వెళ్ళిందో రాసుకునే ఏర్పాటు మాత్రం దాదాపు 200 ఏళ్ళపాటు చేయలేదు. ఉత్తర అమెరికాలో 1986 ఒక్క ఏడాదే 51 వేలకు పైగా థరోబ్రెడ్ పిల్లలు పుట్టాయని చెప్పగలిగే అక్కడి లెక్కలు, వాటిలో ఎన్ని కబేళాకు చేరాయో చెప్పలేవు.

ఆ లోటును లోకానికి చూపింది ఫెర్డినాండ్ కథ. 1986లో కెంటకీ డెర్బీ గెలిచి, మరుసటి ఏడాది అమెరికాలో ఆ సంవత్సరపు ఉత్తమ గుర్రంగా ఎంపికైన ఈ పోతుగుర్రాన్ని 1994లో జపానుకు అమ్మారు. అక్కడ దాని సంతానానికి గిరాకీ లేకపోవడంతో చేతులు మారి, 2002లో కబేళా పాలైందని మరుసటి ఏడాది బయటపడింది. అంతకుముందే, 1978 జాకీ క్లబ్ గోల్డ్ కప్‌లో సియాటిల్ స్లూ, అఫర్మ్‌డ్ అనే రెండు మేటి విజేతలను ఓడించిన ఎక్సెల్లర్‌కు 1997లో స్వీడన్‌లో అదే గతి పట్టింది. కోట్లు తెచ్చిన గుర్రాలకే ఇలా జరిగినప్పుడు, ఊరూపేరూ లేనివాటి గురించి వేరే చెప్పనక్కరలేదు. 2003లోనే కెంటకీలో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఆశ్రయక్షేత్రం మొదలైంది. పేరుమోసిన ముసలి గుర్రాలను అక్కడ జనం వచ్చి చూసిపోవచ్చు.

అయితే ఆశ్రయం వేరు, కొత్త వృత్తి వేరు. గడ్డిబీడులో విశ్రాంతిగా ఉంచిన గుర్రానికి బతికినన్నాళ్ళూ ఎవరో ఖర్చు పెట్టుకోవాలి. కొత్త పని నేర్చిన గుర్రానికి కొనుక్కునేవారు దొరుకుతారు, దాని స్థానంలో మరొకదాన్ని చేర్చుకోవచ్చు. అందుకే బ్రిటన్‌లో 2000లో ఏర్పడిన రీట్రెయినింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్ సంస్థ గానీ, అమెరికాలోని రిటైర్డ్ రేస్‌హార్స్ ప్రాజెక్ట్ గానీ మరుశిక్షణమీదే దృష్టి నిలిపాయి. 1980 దశకం తొలినాళ్ళలో మొదలైన థరోబ్రెడ్ రిటైర్‌మెంట్ ఫౌండేషన్ ఇంకో దారి పట్టి, 1984 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ కారాగారపు భూముల్లో గుర్రాలను ఉంచి, వాటి పోషణను ఖైదీలకు చేతిపనిగా నేర్పిస్తోంది.

మరుశిక్షణ అన్న మాట వినగానే కొత్త విద్య నేర్పడమే గుర్తొస్తుంది గానీ, మొదటి కొన్ని నెలల పని ఎక్కువగా పాత అలవాట్లు మాన్పించడమే. పందెపు గుర్రం రోజులో 22, 23 గంటలు కొట్టంలోనే ఉంటుంది. ఓట్స్ వంటి బలమైన దాణా ఎక్కువగా, గడ్డి తక్కువగా తింటుంది. గుర్రం జీర్ణాశయంలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, గడ్డి నమిలేటప్పుడు పుట్టే లాలాజలమే దానికి విరుగుడు; ఆ నమలడం తగ్గిపోవడం వల్ల శిక్షణలో ఉన్న గుర్రాలలో అత్యధిక భాగానికి జీర్ణాశయంలో పుండ్లు ఉంటాయని పశువైద్యులు గుర్తించారు. చిరాకుపడే, కరవబోయే, జీను బిగిస్తే ఎగిరిపడే గుర్రాన్ని పొగరుబోతు అనుకునేవారు చాలామంది ఉంటారు. నిజానికి అది చాలాసార్లు కడుపునొప్పి. అందుకే తొలి వారాలలో, ఒక్కోసారి నెలలపాటు, ఎవరూ ఎక్కకుండా దాణా మెల్లగా తగ్గించి, ఎండుగడ్డి పెంచి, ఇతర గుర్రాలతో బయట తిరగనిస్తారు. పందేలకు తొడిగే పలుచని అల్యూమినియం లాడాలు తీసేసి, ఆకారం చెడిన గిట్టలను సరిచేయడం కూడా అప్పుడే మొదలవుతుంది.

ఆ తర్వాత స్వారీ. బండి ఎద్దు పగ్గం బిగబడితే ఆగుతుంది. పందెపు గుర్రం మాత్రం పగ్గాలు బిగియగానే వాటిమీద మొగ్గి మరింత వేగం అందుకోవడం నేర్చుకుని ఉంటుంది. భయంతో పగ్గాలు గట్టిగా లాగిన కొత్త రౌతును గుర్రం ఎత్తుకుపోయిందంటే, అది తిరగబడినట్టు కాదు, నేర్చిన పాఠాన్ని నమ్మకంగా అప్పగించినట్టు. జాకీ పొట్టి రికాబులమీద లేచి, వీపుమీద బరువు పడకుండా ముందుకు వంగి ఉంటాడు. స్వారీ పాఠశాలలో మనిషి జీనులో పూర్తిగా కూర్చుని, రెండు కాళ్ళూ పక్కలకు ఆనించి, ఆ ఒత్తిడితోనే ముందుకు, పక్కకు, వెనక్కు వెళ్ళమని చెబుతాడు. ఆ సైగలు గుర్రానికి పూర్తిగా కొత్త. ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడడమూ దానికి తెలియదు, ఎందుకంటే నడుస్తున్న గుర్రంమీదికే జాకీని కాలు పట్టి ఎక్కిస్తారు. అమెరికాలో దాదాపు పందేలన్నీ ఎడమవైపు తిరిగే దారిలోనే సాగుతాయి కాబట్టి అక్కడి గుర్రాలు ఒక పక్క బలంగా, రెండో పక్క బిగుసుగా తయారవుతాయి. రెండు వైపులా సమానంగా వలయాలు తిప్పించి వీపు కండరాలను పెంచడానికే ఒక ఏడాది పట్టవచ్చు.

మరోపక్క, ఇంటి గుర్రం ఏళ్ళ తరబడి నేర్చుకోవలసినవి దీనికి ముందే వచ్చి ఉంటాయి. లారీ ప్రయాణం, లాడాలు కొట్టేవాడు, స్నానం, పశువైద్యుడి సూది, మైకుల మోత, జనసమ్మర్దం ఏదీ దీన్ని బెదరగొట్టదు. మొదట స్టిల్‌ఆస్పిల్ అన్న పేరుతో పరుగెత్తి ఒక్క పందెమూ గెలవలేని ఆడగుర్రం, టచ్ ఆఫ్ క్లాస్‌గా పేరు మారి, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అడ్డంకులు దూకే పోటీలో వ్యక్తిగత, జట్టు స్వర్ణాలు రెండూ తెచ్చింది. కెంటకీలో ఏటా జరిగే థరోబ్రెడ్ మేకోవర్ పోటీలో పోలో, పశువులను మళ్ళించడం, అడ్డంకుల దూకుడు మొదలైన 10 విభాగాలు ఉంటాయి. గాయపడినవాటికి ఇన్ని దారులు లేవు: ముందుకాలి వెనక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పీచు, తెగితే మానడానికి ఏడాది పడుతుంది, మానిన తర్వాత కూడా దూకించడం ప్రమాదం, అలాంటి గుర్రం నెమ్మదైన స్వారీకి పనికొస్తుంది.

డబ్బు ఎవరివ్వాలన్న చోటే పరిశ్రమ నిజాయితీ తేలుతుంది. 2012లో ఏర్పడిన థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఆశ్రయక్షేత్రాలను తనిఖీచేసి గుర్తింపునిచ్చి, పెంపకందార్లు, అమ్మకాల సంస్థలు, రేస్‌కోర్సులు ఇచ్చే సొమ్మును వాటికి పంచుతుంది. ఆస్ట్రేలియాలో 2019 అక్టోబరులో ఏబీసీ టెలివిజన్, క్వీన్స్‌లాండ్ కబేళాలో పందెపు గుర్రాలను వధిస్తున్న దృశ్యాలు ప్రసారం చేశాక అక్కడి ప్రభుత్వం విచారణ జరిపించింది. బ్రిటన్‌లో 2022 జనవరి నుంచి, మనుషుల ఆహారానికి వాడరాదని పాస్‌పోర్టులో రాసిన గుర్రమే పందెంలో పాల్గొనాలన్న నియమం వచ్చింది. ఈ వ్యాసంలో పేర్కొన్న చర్యలన్నిటిలోనూ ఇదే ఎక్కువ పదునైనది, ఎందుకంటే గుర్రం పరుగు మొదలుపెట్టకముందే దాని ముగింపు గురించి యజమాని చేత సంతకం పెట్టిస్తుంది.

భారతదేశంలో హైదరాబాద్ మలక్‌పేట, ముంబయి, పుణె, బెంగళూరు, చెన్నై, కోల్‌కతా వంటి చోట్ల పందేలు జరుగుతున్నాయి. మైదానం వదిలినవి స్వారీ క్లబ్బులకు, పోలోకు, పెళ్ళి ఊరేగింపులకు వెళుతుంటాయి. ఇక్కడ వీటికి మరో పాత కొలువు ఉంది, అది మందుల తయారీ. పుణెలోని పూనావాలా కుటుంబపు పెంపకశాల తన ముసలి గుర్రాలను ముంబయిలోని హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేది. ఆ అనుభవంలోంచే 1966లో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను అతి చిన్న మోతాదులతో మొదలుపెట్టి పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తే, దాని నెత్తురులో విరుగుడు ప్రతిరక్షకాలు తయారవుతాయి. విడతలుగా నెత్తురు తీసి, వాటిని శుద్ధిచేసి సూదిమందు చేస్తారు. దాదాపు 40 లీటర్ల నెత్తురున్న పెద్ద జంతువు కావడమే దీనికి అర్హత. పాము కరిచిన రైతును బతికించే ఈ పని గొప్పదే, కానీ నెత్తురు మరీ తరచుగా తీస్తే గుర్రం రక్తహీనతతో క్షీణిస్తుంది. విశ్రాంతి వ్యవధి పాటించే చోటే దీన్ని కొలువు అనవచ్చు.

2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాలలో అనేకం కొన్ని వారాల్లోనే చనిపోగా, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు చేరింది. గుర్రాన్ని తరలించడంతోనే బాధ్యత తీరదు; పందెపు గుర్రాన్ని కొనే వ్యక్తి రోజుకు 9, 10 కిలోల గడ్డి, ఆరేసి వారాలకోసారి గిట్టల సంరక్షణ, ఏడాదికోసారి పళ్ళు అరగదీయించడం వంటివి చూసుకోవాలి. వీటికి తోడు, అనేక విదేశీ సంస్థలు దత్తత పత్రంలో రాయించే ఒక షరతు ఉంది: పోషించలేని పరిస్థితి వస్తే గుర్రాన్ని మూడో వ్యక్తికి అమ్మకూడదు, ఇచ్చిన సంస్థకే తిరిగి అప్పగించాలి.