యంత్రం మిగిల్చిన సమయం ఎవరిది?

సుమారు 800 ఏళ్ళ క్రితం, నేటి తుర్కియాలోని దియార్‌బకిర్ ప్రాంతాన్ని అర్తుఖీ వంశీయుడైన నాసిరుద్దీన్ మహ్మూద్ పాలించేవాడు. వుజూ చేసుకునేటప్పుడు సేవకులు తన చేతులపై నీళ్ళు పోయడం ఆయనకు నచ్చేది కాదు. ఆ పనికి ఒక యంత్రాన్ని తయారుచేయమని ఆస్థాన నిపుణుడు అల్ జజరీని ఆదేశించాడు. 1206లో అల్ జజరీ పూర్తిచేసిన గ్రంథంలో గడియారాలు, నీళ్ళు తోడే యంత్రాలతో పాటు ఈ వుజూ యంత్రం నిర్మాణం కూడా చిత్రసహితంగా కనిపిస్తుంది. యంత్రం ఒక మనిషి చాకిరీని తప్పించి, మరో మనిషిని నమాజుకు సిద్ధం చేసింది.

నేడు మన ఇళ్ళలో మోటారు నీళ్ళు తోడుతోంది, మిక్సీ రుబ్బుతోంది, మెషీన్ బట్టలుతుకుతోంది. ఇవన్నీ అల్లాహ్ అనుగ్రహాలే. అయితే ఆ మీటలన్నీ నొక్కే బాధ్యత ఇప్పటికీ ఇల్లాలిదే! మిగిలిన సమయం మాత్రం సెల్‌ఫోనుది. అజాన్ వేళను గుర్తుచేసే ఆ ఫోనే, సలామ్ చెప్పీ చెప్పగానే చేతిలోకొచ్చి మన దుఆను మింగేస్తోంది.

దైవప్రవక్త (స) ఇంటిపనుల్లో కుటుంబానికి తోడ్పడేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఏ యంత్రమూ లేని ఆ ఇంట్లో ఇల్లాలికి చేయూత దొరికింది, ఆరాధనకు వేళ దొరికింది.

అనుగ్రహాలను గురించి రేపు మనం ప్రశ్నించబడతామని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. కనుక ఇంటికి కొత్త యంత్రం తెచ్చిన ప్రతిసారీ దాని ధరతో పాటు మరొకటి కూడా లెక్కించుకుందాం: దీనివల్ల ఎవరి భారం తగ్గింది? మిగిలిన ఘడియను మనం ఎవరికిచ్చాం?